"బాగుంది" అంటే ఒప్పుకోని పిన్ని

నాకు మొహమాటం తక్కువ. గొప్పకు చెప్పుకోవడం లేదు, మా ఇంట్లో ఇది ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదే. ఎవరింట్లో టీ తాగినా చక్కెర ఎక్కువైతే ఎక్కువైందనే అంటాను. పెళ్ళికూతురికి చీర రంగు నప్పలేదని పెళ్ళిపందిట్లోనే అనేశానని మా అమ్మ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఈ నోటి వల్ల దూరమైన చుట్టాలు చాలామందే ఉన్నారు. ఈ నోరే కావాలని నా దగ్గరికి వచ్చిన మనిషి మాత్రం ఒక్కతే. ఆవిడ పోయిందని పోయిన నెల భిలాయి ఖుర్సీపార్ నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు.

"దీదీ, అమ్మ పోయింది. మీకు కబురు చెయ్యమని నాన్నే అన్నారు" అన్నాడు.

ఆ రెండో మాట మళ్ళీ చెప్పించుకున్నాను. వాళ్ళ నాన్న ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగారంటే అది ఆవిడ చలవే. అదెలాగో చెప్పాలంటే ఆవిడ గీసిన బొమ్మల గురించి చెప్పాలి.

తొంభైల చివర్లో వైశాలి నగర్‌లో ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ ఉండేది. నేను అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. చెప్పులు బయట విప్పి, కాళ్ళు తుడుచుకుని లోపలికి రావాలి. దుమ్ము పడితే యంత్రాలు పాడైపోతాయని మా ఓనరు గారి భయం. చేరినవాళ్ళలో చాలామంది స్టీల్ ప్లాంట్ ఉద్యోగుల పిల్లలు. ఇళ్ళలో మా విజయనగరం, శ్రీకాకుళం వైపు తెలుగే మాట్లాడుకున్నా, చదవడం రాయడం అంతా వాళ్ళకి హిందీలోనే. ఒక మధ్యాహ్నం, యాభైకి దగ్గరపడ్డ ఒకావిడ గుమ్మంలో వచ్చి నిలబడింది. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, గడ్డం మీద, పెదవికి కాస్త కిందగా, శనగపప్పంత పుట్టుమచ్చ.

"మా వోడు ఇక్కడ సేరి వారం తిరక్కుండానే హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీలో నౌకరీ దొరికిందని ఎల్లిపోయేడు. ఆడి కుర్సీ కాళీగా ఉంది కదా, అందల నేను కూకుంటాను" అంది.

ఓనరు గారు నవ్వారు. నేను నవ్వలేదు. ఆవిడ మమ్మల్ని అడగడం లేదు, చెబుతోంది. చెప్పి, కంప్యూటర్‌కి ఒక దణ్ణం పెట్టుకుని, కొడుకు కుర్చీలో కూర్చుంది. మా అమ్మకి ఖుర్సీపార్ కూరగాయల బజారులో పరిచయమట. అలా ఆవిడ నాకు పిన్ని అయింది.

పిన్నికి టైపింగ్ ఎక్కలేదు. లెక్కల పట్టికలు అసలే ఎక్కలేదు. బొమ్మలు గీసే ప్రోగ్రాం చూపించిన రోజు మాత్రం ఇంటికి వెళ్ళడం మరిచిపోయింది. వాకిట్లో ముగ్గు వేస్తే చెయ్యి తొణకని మనిషి, మౌస్ పట్టుకుంటే గీత వంకర్లు పోయేది. "ఇలా రాయే... ఇలాగే తల్లీ... అరే, అటెక్కడికి ఎల్తావ్!" అని తెర మీది బాణాన్ని బతిమాలేది, అది వినకపోతే తిట్టేది. మౌస్ బల్ల అంచుకి వచ్చేస్తే దాన్ని ఎత్తి వెనక్కి పెట్టుకోవాలని తెలియక, కుర్చీతో సహా తనే జరిగేది. పిల్లలు నవ్వితే వాళ్ళతో పాటు తనూ నవ్వేది.

ఆవిడ గీసింది కామిక్కులు. తెరను గళ్ళు గళ్ళుగా విడదీసి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ. కొడుకు చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకున్న కామిక్కులన్నీ వాడితో పాటు ఆవిడా చూసేసిందట. "అందల అందరూ గాల్లో ఎగురుతారు. మా ఇంట్ల ఎవులూ ఎగరరు. నేను మా ఇల్లే గీస్తాను" అంది. కుళాయి దగ్గర బిందెల తగువు, కూలర్‌లో నీళ్ళు ఎవరు పొయ్యాలన్న వాదన, షిఫ్టుకి వేళైపోతుంటే కనపడని టిఫిను డబ్బా మూత, ఇవీ ఆవిడ కథలు. మా కంప్యూటర్లలో తెలుగు లేదు. అందుకని మాటల బుడగలు ఖాళీగా వదిలేసి, ప్రింటు తీశాక బాల్‌పెన్నుతో నింపేది. ప్రింటరు చప్పుడు చేసుకుంటూ వరసా వరసా అచ్చేస్తుంటే, పక్కనే వంగి నిలబడి ఆఖరి గీత దాకా చూసేది.

మొదటి కామిక్కు పూర్తయిన రోజు అందరికీ చూపించింది. "బహుత్ అచ్ఛా, ఆంటీ" అన్నారు పిల్లలు. "చాలా బాగుందమ్మా" అన్నారు ఓనరు గారు. మెచ్చుకున్నకొద్దీ ఆవిడ మొహం చిన్నబోయింది. చివరికి ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నీకు మొహమాటం లేదని మీ అమ్మ బజార్లో సెప్పుకుని బాధపడింది. సూసి సెప్పు. బాగుంది అన్నావంటే మాత్రం రేపట్నుంచి నేను రాను."

నాకు ఇంతకంటే ఏం కావాలి? మొదలుపెట్టాను. "పక్కింటావిడ అడిగిన ప్రశ్న కుడి పక్కనుంది, నీ జవాబు ఎడమ పక్కనుంది. నేను జవాబు ముందు చదివేశాను పిన్నీ, ఇంక నవ్వెక్కణ్ణించి వస్తుంది? ఇద్దర్నీ అటూ ఇటూ మార్చు. ఈ బిందె బిందెలా లేదు, గుమ్మడికాయలా ఉంది, దానికి మెడ పెట్టు. ఈ చివరి గడి అక్కర్లేదు. కథ దానికి ముందు గడిలోనే అయిపోయింది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. గుర్తు పెట్టుకోవడానికి పెన్సిల్ కోసం వెతికింది, దొరకలేదు. బుట్టలోంచి కుంకుమ భరిణె తీసి, ఉంగరం వేలు అందులో ముంచి, నేను చూపించిన చోటల్లా ఒక్కో బొట్టు పెట్టింది. "పెన్సిలైతే సెరిగిపోతాది. కుంకం మరక ఎక్కడికీ పోదు" అంది. ఆ తర్వాత ఎప్పుడూ పెన్సిల్ అడగలేదు. ఎర్రచుక్కలున్న కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో చుక్కా చూసుకుంటూ బొమ్మ దిద్దేది. అన్నీ దిద్దాక కొత్త ప్రింటు తీసి మళ్ళీ నా ముందు పెట్టేది.

"బాగుంది అంటే తలుపేసీసినట్టే కదేటి" అనేది. "ఏటి బాగోలేదో సెప్పినోళ్ళే లోపలికి వొచ్చి కూకున్నోళ్ళు."

నా ఒక్కదాని మాట చాలక, శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళకి తాంబూలంతో పాటు కామిక్కు కూడా అందించింది. "ఏ బొమ్మ కాడ తేడాగా అనిపిస్తే ఆ బొమ్మకి బొట్టెట్టండి" అని భరిణె కూడా పక్కన పెట్టిందట. మర్నాడు ఉరుములా వచ్చి ఆ కాగితం నా ముందు పరిచింది. బిందె మీద లేదు, బుడగ మీద లేదు, గుమ్మం మీద లేదు. ప్రతి గడిలోనూ ఇల్లాలి బొమ్మకి నుదుటి మీద శుభ్రంగా బొట్టు పెట్టి ఉంది. వచ్చినవాళ్ళందరూ వరసగా పెట్టినట్టున్నారు, కొన్ని గళ్ళలో ఆ మొహం మొత్తం ఎర్రగా అయిపోయింది.

"నేనేటి సెప్పేను, వీళ్ళేటి సేసేరు! పేరంటానికి వొచ్చినోళ్ళకి సెయ్యి ఊరుకోదు కాబోలు" అంది.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే చూశాను. ఆ ఇల్లాలికి పిన్ని అసలు బొట్టు గియ్యలేదు.

ఆవిడకీ అప్పుడే తెలిసింది. సాయంత్రం వెళ్ళి వాళ్ళలో ఒకావిణ్ణి అడిగితే, "శుక్రవారం పూట పునిస్త్రీని బొట్టు లేకుండా నిలబెట్టీసేవు. అది సూడగానే గుండె గుబేలుమంది. ఇంక నీ కథ ఎవులు సదివేరమ్మా!" అందట. పిన్ని ఈ మాట నాకు చెప్పి, "సరిగ్గానే పెట్టేరు. అక్కడే తేడా" అని ఒప్పుకుంది. అప్పటినుంచి మొహం గియ్యడం మొదలుపెడితే ముందు బొట్టు గీసి, దాని చుట్టూ మొహం గీసేది.

ఇంత పట్టుదల ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, అందరూ గాలి కోసం మెట్ల మీదికి వెళ్ళారు. నేనూ ఆవిడా నల్లటి తెర ముందు కూర్చున్నాం.

"ఇవి పత్రికకేమైనా పంపుతావా పిన్నీ?"

"పత్రికకి ఎందుకు? మీ బాబాయికి సూపించడానికి."

బాబాయిని నేను అప్పటికి ఒకటి రెండు సార్లు చూశాను. ప్లాంట్‌లో ఉద్యోగం, పొడుగ్గా, ఒద్దికగా ఉండే మనిషి. చిన్నప్పుడు చెవిలో చీము కారేదట, వయసు మీద పడేసరికి వినికిడి బాగా తగ్గిపోయింది. చెవి మిషను కొని పెడితే అది ఈల వేస్తోందని తీసి డ్రాయర్లో పెట్టేశారు.

"మొదట్ల మా ఇంట్ల మాటలకి కొదవ లేదమ్మా" అంది పిన్ని. "ఇప్పుడు ఏటి సెప్పాలన్నా అరవాల. ఉప్పు తెమ్మంటే మా లైన్ల ఉన్న కోటర్లన్నీ ఇంటాయి. తిట్టు అరవొచ్చు. నవ్వే మాట అరిస్తే నవ్వు రాదు." నల్లటి తెరని కొంగుతో తుడిచింది. "ఆయన దేనికైనా ఒకటే అంటారు, బాగుంది. కూర బాగుంది, సీర బాగుంది, పక్కింటోళ్ళు కొట్టుకున్నారంటే అదీ బాగుంది. ఇంక నన్ను అడక్కే అని దానికి అర్థం. ఈ కాయితం సూసైనా, ఒక్కసారి బాగుంది కాకుండా ఇంకేటన్నా అనాల. తిట్టినా సరే."

ప్రతి ఆదివారం కామిక్కు ఆయన చేతికి ఇచ్చేదట. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, పైనుంచి కింది దాకా ఓపిగ్గా చూసి, జాగ్రత్తగా మడత పెట్టి, బాగుంది అనేవారట. సోమవారం పిన్ని రాగానే నేను కళ్ళతోనే అడిగేదాన్ని. "తలుపేసీసేరు" అనేది, చెప్పులు విప్పుతూ.

నాకు ఆయన మీద కోపం వచ్చేది. ఎంత చెవులు వినపడకపోతే మాత్రం, ఇంత కష్టపడి గీసిన మనిషికి రెండో మాట చెప్పలేరా అనిపించేది. ఆ మాట పిన్నితోనే అన్నాను కూడా. ఆవిడ మళ్ళీ మౌస్ అందుకుంది.

ఒకసారి కాపీ చేసి అతికించడం నేర్పాను. గీసిన బొమ్మను చుట్టూ గీత గీసి పట్టుకుని, ఇంకో గడిలో దించడం. పిన్ని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అయితే మీ బాబాయిని ఒక్కసారి గీస్తే సాలు కదా! ఆయన ఎలాగూ మారరు!" అంది.

అలా పుట్టింది ఆవిడ కామిక్కుల్లో అన్నిటికంటే మంచిది. వేసవి సాయంత్రం, వరండాలో నవారు మంచం, దాని మీద బాబాయి, మోకాళ్ళ మీద చేతులు. ప్రతి గడిలోనూ అదే బాబాయి, అతికించిన బాబాయి. పిన్ని లోపలికీ బయటికీ తిరుగుతూ ఒక్కో మాట చెబుతుంది. గ్యాస్ అయిపోయింది అంటుంది. బుడగలో ఆయన, "బాగుంది." మీ అక్క నెల్లాళ్ళు ఉండడానికి వస్తోంది అంటుంది. "బాగుంది." కోతి వచ్చి మీ బనీను పట్టుకుపోయింది అంటుంది. "బాగుంది." చివరికి ఉప్మా ప్లేటు చేతికిచ్చి ఎలా ఉంది అంటుంది. "బాగుంది."

సెంటర్ మొత్తం పడీ పడీ నవ్వింది. తెలుగు చదవలేని పిల్లలకి నేను చదివి వినిపించాను, వాళ్ళూ నవ్వారు. పేరంటాల ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారట. ఎర్రచుక్క పెట్టడానికి నాక్కూడా ఒక్క చోటు దొరకలేదు. కానీ భయం వేసింది.

"బాబాయి నొచ్చుకుంటారేమో పిన్నీ. ఇది చూపించకు."

"నొచ్చుకోనీ. నొచ్చుకుంటే ఏటో ఒకటి అంటారు కదా" అంది. నవ్వుతూనే అంది గానీ, చుట్టిన కాగితాన్ని విప్పి మళ్ళీ చుట్టింది.

ఆ సోమవారం పిన్ని రాలేదు. మంగళవారమూ రాలేదు. నేను అన్నీ ఊహించుకున్నాను. పెద్ద గొడవ అయి ఉంటుందని, ఇంక ఆవిణ్ణి రానివ్వరని. బుధవారం ఆవిడ వచ్చి, చెప్పులు విప్పడం మరిచిపోయి లోపలికి వచ్చేసింది. ఓనరు గారు కూడా ఆ చెప్పులు చూసి తల తిప్పేసుకున్నారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహం నిండా నవ్వు. కాగితం నా ముందు పరిచింది.

ప్రతి గడిలోనూ బాబాయి బొమ్మ మీద ఎర్రచుక్క ఉంది.

"నేను పెట్టలేదు. ఆయనే పెట్టేరు" అంది.

ఆదివారం ఆయన ఎప్పటిలాగే కాగితం చూశారట. మడత పెట్టలేదు. మళ్ళీ మొదటినుంచి చూశారు. లేచి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చుకున్నారు. పెళ్ళాం ఎర్రచుక్కల కాగితాలు ఇంటికి తెచ్చుకుని ఒక్కో చుక్కా చూసుకోవడం ఆయన ఇన్నాళ్ళూ ఒక మూల కూర్చుని చూస్తూనే ఉన్నారు కాబోలు. ఒక్కో బొమ్మ మీదా ఒక్కో బొట్టు పెట్టి, లైన్ మొత్తం వినపడేలా అన్నారట: "అన్నిట్లోనూ ఒక్కలాగే ఉన్నాను. నేను ఇలగుంటానేటే?"

"ఇంకెలగుంటారు అని నేనూ అరిసేను" అంది పిన్ని. "అప్పుడు సూపించేరమ్మా, వేలెట్టి. గ్యాస్ అయిపోయిందన్న కాడ నేను లేసెల్లి సిలిండరు ఊపి సూసేను, నువ్వు అటు తిరిగున్నావు అన్నారు. మా అక్క వొస్తాదన్న కాడ నేను నవ్వేను, నువ్వు సూడలేదు అన్నారు. ఇక్కడ నీ వైపే సూస్తన్నాను, నువ్వు నేల మీదకి సూసినట్టు గీసేవు అన్నారు."

"మరి అన్నిటికీ బాగుంది అనడం ఏమిటట?" అన్నాను. నా కోపం ఇంకా దిగలేదు.

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేనూ అదే అడిగేను. సగం మాట ఇనపడదు, మళ్ళీ అడిగితే నువ్వు మళ్ళీ అరవాల, నీ గొంతు పోతాది, అందుకే బాగుంది అనీసేవోణ్ణి అన్నారు." అంతవరకూ చెప్పి ఆగింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. "ఆకరి బొమ్మ కాడ ఏటన్నారో తెలుసా? ఉప్మాలో ఉప్పు తక్కువన్నారు. ఇయ్యాలేటి, ఎప్పుడూ తక్కువేనట!"

ఆ వారమంతా పిన్ని ఆ ఒక్క కామిక్కు మీదే కూర్చుంది. ఒంటి బొమ్మ అలాగే ఉంచి మొహం ఒక్కటే మారిస్తే పని తొందరగా తెములుతుందని చెప్పాను. "వొద్దు. ఇంక అతికించను" అంది. ప్రతి గడిలోనూ బాబాయిని కొత్తగా గీసింది. సిలిండరు ఊపుతున్న బాబాయి, పళ్ళు కనపడేలా నవ్వుతున్న బాబాయి, మెడ తిప్పి ఆవిడ వైపే చూస్తున్న బాబాయి. మౌస్ జారిపోతుంటే ఎప్పటిలాగే తిట్టుకుంది. కథలో నవ్వు మునుపటంత లేదు. ఆ మాట నేను చెప్పాను, మొహమాటం లేనిదాన్ని కదా. "లేకపోనీ" అంది.

అప్పటినుంచి ఎర్రచుక్కలు ఎక్కువగా ఇంటినుంచే వచ్చేవి. మంచం కోడు వంకరగా ఉందని, డబ్బా మూత అలా ఉండదని, తన ముక్కు అంత పెద్దది కాదని బాబాయి బొట్లు పెట్టి పంపేవారు. ముక్కు విషయంలో మాత్రం పిన్ని వినలేదు. కొన్నాళ్ళకి ఆ సెంటర్ మూతపడింది. నేను పెళ్ళి చేసుకుని రాయపూర్ వెళ్ళిపోయాను. భిలాయి వచ్చినప్పుడల్లా వాళ్ళింటికి వెళ్ళి ఉప్మా తినేదాన్ని. ఉప్పు సరిపోయేది.

ఫోన్ వచ్చాక, పదకొండో రోజుకి వెళ్ళాను. ముందు గదిలో కుర్చీ మీద పిన్ని ఫోటో, దండ వేసి ఉంది. కొడుకు స్టూడియోలో పెద్దది చేయించాడు. స్టూడియోవాళ్ళు కంప్యూటర్‌లో బాగా శ్రమపడ్డట్టున్నారు. వెనకాల నీలం ఆకాశం పెట్టారు, ముడతలు తీసేశారు, రంగు తెల్లగా చేశారు. ముత్తైదువుగా పోయిన మనిషని వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే భరిణెలోంచి కుంకుమ తీసి ఫోటో నుదుటి మీద పెడుతున్నారు. "ఫోటో బాగుంది" అంటున్నారు. ఇంకేం అనాలో తెలియక ఇంకొకరూ "చాలా బాగుంది" అంటున్నారు.

బాబాయి మూల కుర్చీలో ఉన్నారు. బాగా వంగిపోయారు. ఎవరి మాటా వినపడుతున్నట్టు లేదు గానీ, పెదవులు చూస్తున్నారు. నన్ను చూడగానే కర్ర ఊతంతో లేచి ఫోటో దగ్గరికి వచ్చారు.

"బాగోలేదు" అన్నారు, లైన్ మొత్తం వినపడేలా.

కుంకుమ పెడుతున్నావిడ పక్కకి తప్పుకుంది. కొడుకు కంగారుగా ముందుకి వచ్చాడు. బాబాయి భరిణెలో వేలు ముంచారు. నుదుటి మీద పెడతారనుకున్నాం. ఆయన నుదుటి జోలికి పోలేదు. వేలు కిందికి తెచ్చి, గడ్డం మీద, స్టూడియోవాళ్ళు పుట్టుమచ్చని నున్నగా తుడిచేసిన చోట, శనగపప్పంత చుక్క పెట్టారు.

పెట్టి, నా వైపు తిరిగారు. "నీకు మొహమాటం లేదు కదా. సూసి సెప్పు."

నాకు కళ్ళ ముందు ఏమీ కనపడటం లేదు. తుడుచుకుని చూశాను. ఆయన చెవి దగ్గరికి వెళ్ళి గట్టిగా అరిచాను. "కొంచెం పైకి ఉండాలి బాబాయ్! పెదవికి దగ్గరగా!"

ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని ఫోటో వైపు చాలాసేపు చూశారు. అవునన్నట్టు తల ఊపి, మళ్ళీ భరిణెలో వేలు ముంచారు.